కంటి సాక్ష్యము

సౌందర్యమును చూచి సంతోషించుట మానవునకు సహజము. నిండు చందురుని చూచినను, విచ్చిన తామరను చూచినను, ముద్దులొలుకు పసిబిడ్డను చూచినను మనసు విప్పారుట దోషము కాదు. అట్టి విప్పారుట ఎఱుగనివానిని రసహీనుడందుము. కావున అందమును నిందించుటకు మేము పూనుకొనలేదు. అందమును చూచి ఆనందించిన కన్ను అంతటితో తృప్తి నొందక, న్యాయపీఠము నెక్కి, ఎదుటివారి గుణమును గూర్చి, బుద్ధిని గూర్చి, యోగ్యతను గూర్చి తీర్పులు చెప్పుచున్నది. ఆ యధికారము దానికి ఎవరిచ్చిరి? ఇదియే మా ప్రశ్న.

అందమునకు వెలకట్టుటను గూర్చి బెంగుళూరు నగరము ఒకప్పుడు బహిరంగముగా, బిగ్గరగా వాదించుకొన్నది. 1996 నవంబరు 23వ తేదీని చిన్నస్వామి క్రీడామైదానమున ప్రపంచసుందరి పోటీ జరిగినది. 80కి పైగా దేశముల యువతులు పాల్గొనగా గ్రీసు దేశపు ఐరీన్ స్క్లీవాకు కిరీటము దక్కినది. పోటీకి ముందు నగరమున ఎక్కడ చూచినను అదే చర్చ. స్త్రీని అంగడి సరుకు చేయుచున్నారని మహిళాసంఘముల వారును, మన సంస్కృతికి భంగమని మఱికొందఱును, ఇది విదేశ వ్యాపారమునకు తెఱచిన వాకిలియని రైతుసంఘము వారును అభ్యంతరము తెలిపిరి. ఈత దుస్తుల ఘట్టమును నిర్వాహకులు సెషెల్సు దీవులకు తరలింపవలసి వచ్చినది.

ఆ వాదములలో ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అను విచారణ ఇప్పుడు వలదు. ఒక్క సంగతి మాత్రము గమనింపదగినది. అక్కడ జరిగినది అందాల పోటీయని అందఱికిని తెలియును. పాల్గొన్నవారు తెలిసియే పాల్గొనిరి. తీర్పరులెవరో పేరు పెట్టి చెప్పవచ్చును. ఒక్క రాత్రితో అది ముగిసినది. మన యిండ్లలో, బడులలో, కార్యాలయములలో ప్రతిదినమును జరుగు పోటీకి ఈ నాలుగు లక్షణములలో ఒక్కటియు లేదు. అది పోటీయని ఎవరును చెప్పరు. చేరుటకు ఎవరి సమ్మతియు అడుగరు. తీర్పరి తాను తీర్పరియని ఎఱుగడు. పుట్టినది మొదలు అది ముగియదు. ఆ మైదానపు పోటీని ఖండించినవారును, మెచ్చుకొన్నవారును ఇంటికి వచ్చి ఈ రెండవ పోటీలో తీర్పరులుగా కూర్చుండుట మానలేదు.

కన్ను ఈ పని ఎట్లు చేయునో మనశ్శాస్త్రజ్ఞులు నూఱేండ్లుగా పరిశీలించుచున్నారు. సైన్యమున పైయధికారులు తమ క్రిందివారికి దేహదారుఢ్యము, బుద్ధి, నాయకత్వము, శీలము అను వేర్వేఱు శీర్షికల క్రింద వేసిన విలువలను 1920లో అమెరికా దేశస్థుడగు ఎడ్వర్డ్ థార్న్‌డైక్ చర్చించెను. ఒక శీర్షికలో ఎక్కువ వచ్చినవానికి తక్కిన వానిలోను ఎక్కువయే వచ్చుచుండెను. ఆజానుబాహువైనవాడు ఆ కారణముననే బుద్ధిమంతుడును, శీలవంతుడును అయిపోవుచుండెను. దేవతల పటములలో శిరస్సు చుట్టును చిత్రించు కాంతివలయపు పేరే ఆయన ఈ భ్రాంతికి పెట్టెను. ఆ వెలుగు కంటబడిన తరువాత దాని వెనుకనున్న ముఖము మనకు సరిగా కనబడదు.

1972లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున విద్యార్థులకు అపరిచితుల ఫోటోలు చూపి, వీరెట్టివారని అడిగిరి. అందమైనవారు మంచి గుణములు గలవారనియు, మంచి ఉద్యోగము సంపాదింతురనియు, దాంపత్యమున సుఖపడుదురనియు వారు చెప్పిరి. మంచి తలిదండ్రులగుదురా అను ఒక్క విషయమున మాత్రము అందమైనవారికి ఎక్కువ పీట వేయలేదు. మఱుసటి యేట వెలువడిన మఱియొక పరిశోధనలో, ఐదవ తరగతి ఉపాధ్యాయులకు ఒకే ప్రగతిపత్రమును వేర్వేఱు పిల్లల ఫోటోలతో పంపిరి. మార్కులు ఒక్కటియే, హాజరు ఒక్కటియే. అయినను ముద్దులొలుకు ముఖము గల బిడ్డ ఎక్కువ తెలివిగలదనియు, దాని తలిదండ్రులు చదువుపై శ్రద్ధగలవారనియు ఉపాధ్యాయులు తలచిరి. 1994లో హామర్మెష్, బిడిల్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు అమెరికా, కెనడా దేశముల వేతనములను పరిశీలించి, రూపహీనులని యెంచబడినవారికి సామాన్యరూపము గలవారికంటె నూటికి 5 మొదలు 10 వంతుల వఱకు తక్కువ జీతము వచ్చుచున్నదని చూపిరి.

ఈ తీర్పరులలో దుర్మార్గులెవరును లేరు. ఆ ఉపాధ్యాయులను పిలిచి, మీరు ముఖము చూచి మార్కులు వేయుదురా యని అడిగినచో వారు నొచ్చుకొందురు. చేయువానికి తెలియకుండ జరుగు అన్యాయము ఇది. తెలిసి చేసిన తప్పునకు పశ్చాత్తాపము ఒక మందు. తెలియక చేసినదానికి ఆ మందు అందదు.

ఇంతకంటె లోతైన గాయము మఱియొకటి కలదు. 1977లో మిన్నెసోటాలోనే స్నైడర్ మున్నగువారు యువకులచేత, వారెన్నడును చూడని యువతులతో టెలిఫోనులో మాట్లాడించిరి. ఆమె ఫోటో యని చెప్పి ప్రతి యువకునికి ఒక ఫోటో ఇచ్చిరి గాని, అది ఆమెది కాదు. అందకత్తెతో మాట్లాడుచున్నానని నమ్మినవాడు ఆప్యాయముగా, ఉత్సాహముగా మాట్లాడెను. తరువాత ఆ యువతుల మాటలను మాత్రము, ఏమియు ఎఱుగని ఇతరులకు వినిపించిరి. అందకత్తెలని భావింపబడిన యువతులే ఎక్కువ స్నేహశీలముగా, కలుపుగోలుగా మాట్లాడిరని వారు చెప్పిరి. ఆ యువతులకు తమ పేర ఒక ఫోటో చూపబడినదనియే తెలియదు. ఆదరము దొరికినచోట మాట వికసించినది, దొరకనిచోట ముడుచుకొన్నది.

దీని తాత్పర్యము భయంకరమైనది. కన్ను చెప్పిన అబద్ధసాక్ష్యము కాలక్రమమున నిజమగును. చిన్ననాటినుండి ఎవరును పలుకరింపని పిల్ల పెద్దదై మాటకారి కాకపోయినచో, చూచితిరా, దానికి కలుపుగోలుతనము లేదని మనము చెప్పుదుము. మొక్కకు నీరు పోయక, ఇది ఎండు జాతి మొక్కయని నిశ్చయించువాని తెలివి వంటిదే ఈ తెలివియు.

ఇచ్చట రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది: ఇది ప్రకృతిసిద్ధము గదా, రెండు మూడు నెలల పసికందులు సయితము పెద్దలు అందమైనవని యెంచిన ముఖములనే ఎక్కువసేపు చూచునని 1987లోనే కనుగొనిరి గదా, ప్రకృతితో పోరాడి ప్రయోజనమేమి? నిజమే. ఆకలియు ప్రకృతిసిద్ధమే. అయినను పొరుగువాని విస్తరిని మనవైపు లాగుకొనుట ప్రకృతిసిద్ధమని ఎవరును సమర్థింపరు. ప్రకృతి ఇచ్చినది చూపు. తీర్పు మనము చేర్చినది. పసికందు చూచి ఊరకుండును. ఉద్యోగము ఇవ్వదు, మార్కులు వేయదు, సంబంధము కాదనదు.

రెండవ ఆక్షేపణ గట్టిది. బుద్ధియు పుట్టుకతో వచ్చినదే, రూపమును పుట్టుకతో వచ్చినదే. బుద్ధికి బహుమానమిచ్చుట న్యాయమైనప్పుడు రూపమునకిచ్చుట అన్యాయమెట్లు? దీనికి మా సమాధానమిది. గణితమున బహుమానము గణితమునకే ఇత్తుము; గణితము తెలిసినవాడు మంచి గాయకుడని బహుమానమీయము. రంగస్థలముపై రూపము నటుని పనిలో భాగమే. అక్కడ దానికి విలువ కట్టుట తప్పు కాదు. లెక్కలు వ్రాయు గుమాస్తాను, రోగమును కనుగొను వైద్యుని, పిల్లలకు చదువు చెప్పు పంతులమ్మను ఎన్నుకొనునప్పుడు రూపమునకు నోరెక్కడిది? సాక్షి తాను చూచినది చెప్పవచ్చును. చూడనిదానిని చూచితినని చెప్పరాదు. కన్ను రూపమును చూచినది, శీలమును చూడలేదు. చూడని శీలమును గూర్చి అది ప్రమాణము చేసి చెప్పుటయే కూటసాక్ష్యము.

ఈ కూటసాక్ష్యము వలన అందమైనవారికిని సుఖము లేదు. వారు కష్టించి సాధించినదానిని లోకము ముఖమునకు జమకట్టును. చక్కని యువతి పెద్ద పదవి నందుకొన్నచో ఆమె రాత్రింబవళ్ళ శ్రమను గూర్చి అడుగువారు తక్కువ. పెదవి విఱచి నవ్వువారు ఎక్కువ. ఒకరికి అర్హత లేని మెప్పు, ఇంకొకరికి అర్హతగల మెప్పు లేకుండుట. రెండును కంటి తీర్పులే.

ఇంతకును అందమనగా ఏమి? దాని కొలత ఊరూరికి మాఱును. 2013 సెప్టెంబరులో నీనా దావులూరి అమెరికా సుందరిగా ఎన్నికైనది. ఆమె తలిదండ్రులు విజయవాడ ప్రాంతము వారు. ఆ కిరీటము భారతసంతతి వారికి దక్కుట అదియే మొదటిసారి. ఆ రాత్రియే అమెరికాలో కొందఱు ఆమెను పరదేశియని దూషించిరి. ఇక్కడ మన పత్రికలలో మఱియొక మాట వినబడినది: ఈ ఛాయతో ఈమె మన దేశమున గెలిచియుండునా? ముఖము ఒక్కటియే, తీర్పులు మూడు. న్యాయమూర్తుల సంఘము ఆమెకు కిరీటము పెట్టినది. అక్కడి కొందఱు ఆమె జాతిని తూచిరి. ఇక్కడివారు ఆమె రంగును తూచిరి. తీర్పు ఇంతగా మాఱుచున్నదనగా, దోషము చూడబడిన ముఖముననా, చూచు కన్నులలోనా?

మన యిండ్లకు వత్తము. తెలుగువారి యింట అందమనగా సగము రంగే. ఎఱ్ఱగా బుఱ్ఱగా ఉన్నాడన్న మాట మగబిడ్డకు యోగ్యతాపత్రము. ఆడబిడ్డ చామనచాయయైనచో పురుటిగదిలోనే ఒక నిట్టూర్పు వినబడును. పెండ్లిచూపులనాడు ఆమె ఏమి చదివినది, ఏమి తలచుచున్నది అను ప్రశ్నలకు ముందే రంగు సంగతి తేలిపోవును. కట్నపు బేరమున ఆ రంగునకు వెల కట్టుదురు. తెలుపు చేయుదునని చెప్పుకొన్న ఫెయిర్ అండ్ లవ్‌లీ లేపనము 1975లో మన అంగళ్ళలోనికి వచ్చినది. నలుపును తక్కువ చేసి చూపు ప్రకటనలు కూడదని 2014లో ప్రకటనల ప్రమాణ మండలి నియమము చేసినది. 2020లో ఆ లేపనమునకు గ్లో అండ్ లవ్‌లీ అను పేరు పెట్టిరి. అదే యేట ఒక ప్రసిద్ధ వివాహసంబంధముల సంస్థ వధూవరులను రంగును బట్టి ఏరుకొను వీలును తొలగించినది. డబ్బాపై పేరు మాఱినంత సులభముగా పెండ్లిచూపుల గదిలో మాట మాఱుట లేదు.

ఇందులోని వింత చూడుడు. మనము కొలుచు రాముడు నీలమేఘశ్యాముడు. మన యిండ్ల ఊయెలలలో ఊగు చిన్నికృష్ణుడు నల్లనయ్య. ద్రౌపది పేరే కృష్ణ. దేవుని గదిలో నలుపునకు మ్రొక్కి, ముందు గదిలోనికి వచ్చి నల్లని కోడలు వలదను ఇంటిలో, ఆ మ్రొక్కునకు అర్థమేమి?

పెండ్లి సంగతి యెట్లున్నను, ఒకే తల్లి బిడ్డల మధ్య జరుగు భేదము అంతకంటె నొప్పించునది. ఒక బిడ్డను బంధువులందఱును ఎత్తుకొందురు. ఇంకొక బిడ్డను, ఇది ఎవరి పోలికమ్మా, యని అడిగి వదలివేయుదురు. నల్లపిల్ల యను ముద్దుపేరు పెట్టినవారికి ముద్దు, పెట్టించుకొన్నవారికి జీవితాంతపు ముల్లు. ఎక్కువ అందమైన శిశువులతో తల్లులు ఎక్కువ గారాబముగా, ఆటలాడుచు మెలగుచున్నారని 1995లో ప్రచురింపబడిన ఒక అమెరికా అధ్యయనము చెప్పుచున్నది. తక్కిన తల్లులకు ప్రేమ లేదని కాదు. పాలు, స్నానము, నిద్ర అన్నియు లోటు లేకుండ జరిగినవి. తగ్గినది ఆ పైనున్న ముద్దు. లోకమున ఎవరి నవ్వుపైనను ఎవరికిని హక్కు లేదందుము. అది వీథిలో నిజము కావచ్చును. ఇంటిలో నిజము కాదు. బిడ్డకు తల్లిదండ్రుల ముఖమున నవ్వు దానము కాదు, బాకీ.

ఈ బాధ ఎట్టిదో కన్నడసీమలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. మన మాటలో రెండు కన్నడ పదములు దొర్లినంతనే, ఆవలినుండి వచ్చిన చుట్టము, మీది తెలుగేనా యని నవ్వును. మనము చదివిన పద్యములు, ఇంట నిలుపుకొన్న ఆచారములు, పిల్లలకు అక్షరములు దిద్దించుటకు పడిన శ్రమ ఆయన చెవికి అందవు. అంగడిలో నోరు విప్పినంతనే మీదే ఊరని అడిగించుకొన్నవారమును మనమే. చెవి ఒక్క క్షణమున ఇచ్చిన తీర్పు ఎంత తేలికయో, దానిని మోయుట ఎంత బరువో మనకు తెలియును. తెలిసిన మనము కంటితో అదే తీర్పును మన బిడ్డలపై ఇచ్చుట తగునా?

దీనికి మందును మన పూర్వులు ఒక కథలో దాచిరి. నన్నయభట్టు అరణ్యపర్వమున తెనిగించిన నలోపాఖ్యానము మనకందఱికిని పరిచితము. కర్కోటకుని కాటుతో నలుని రూపము వికృతమైనది. అతని అశ్వవిద్య పోలేదు, వంటనేర్పు పోలేదు, ధర్మము పోలేదు, పోయినది రూపమొక్కటియే. బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున చేరెను. ఋతుపర్ణుడు ఆ వికృతరూపుని విద్యను చూచి కొలువిచ్చెను. ఆ మేరకు అతడు మెచ్చదగినవాడు. ఆ ఋతుపర్ణుడే విదర్భకు ప్రయాణమైనప్పుడు బాహుకుడు ఏరి తెచ్చిన గుఱ్ఱములు బక్కచిక్కి కనబడుటచే కోపించెనని వ్యాసుని మూలము చెప్పుచున్నది. ఆ బక్క గుఱ్ఱములే రథమును గాలివలె కొనిపోయినవి. మనిషి విషయమున మోసపోని కన్ను గుఱ్ఱముల విషయమున మోసపోయినది. జాగ్రత్త ఒక్కసారి పడిన చాలదని దీని యర్థము.

దమయంతి చేసినది చూడుడు. ఆమె రథధ్వని విని, ఇది నలుడు తోలు రథమని తలచినది. బయటకు వచ్చి చూడగా కురూపి. కన్ను కాదన్నది. ఆమె కంటి మాట విని లోనికి పోలేదు. కంటికి ఎదురు సాక్షులను పిలిచినది. అతని నడవడిని గమనింపుమని కేశినిని పంపినది. అతడు వండినదానిని తెప్పించి రుచి చూచినది. పిల్లలను పంపి అతని మనసు కరగునో లేదో కనుగొన్నది. చెవి, నాలుక, పరిశీలన అన్నియు సాక్ష్యము చెప్పిన తరువాతనే తీర్పు చెప్పినది. నలునకు పూర్వరూపము వచ్చుట ఆ తరువాతి సంగతి. రూపము రాకముందే ఆమె అతనిని ఎఱిగినది.

దమయంతి నేర్పిన పద్ధతిని మనము ఆచారముగా చేసికొనవచ్చును. సద్బుద్ధిని మాత్రము నమ్ముకొన్న లాభము లేదు; సద్బుద్ధిగల ఉపాధ్యాయులే మోసపోయిరి గదా. కన్ను ముందుగా మాటాడకుండ కట్టుబాటు వలయును. పెద్ద పరీక్షలలో ఉత్తరపత్రముపై పేరునకు బదులు అంకె వేయుదురు. అది అట్టి కట్టుబాటే. ఈ నగరమున మనవారెందఱో చిన్న పెద్ద సంస్థలు నడుపుచున్నారు. ఉద్యోగమునకు వచ్చిన వారందఱికిని ముందుగా వ్రాసికొన్న ప్రశ్నలనే వేసి, ప్రతి సమాధానమునకు అప్పుడే విలువ వ్రాసికొన్నచో, మనిషి బాగున్నాడు అను మాటకు చోటు తగ్గును. సంబంధములు వెదకునప్పుడు ఫోటో చివరను, మాట మొదటను రానిండు. ఇంట బిడ్డల రంగును గూర్చి చుట్టములు పలుకు మాటను నవ్వి ఊరుకొనక అక్కడనే ఆపుడు.

మన సంఘములను గూర్చియు ఒక మాట. ఉగాది ఉత్సవమున వాకిట నిలిచి పన్నీరు చల్లుటకు, ముఖ్యఅతిథికి పూలదండ అందించుటకు ఏ పిల్లలను నిలుపుదుము? తెల్లని పిల్లలు ముందు వరుసకు, నల్లని పిల్లలు బృందగానపు వెనుక వరుసకు పోవుట మన సభలలో వింత కాదు. ఎవరును ఆజ్ఞాపింపరు, జరిగిపోవును. వెనుక వరుసలోని పదేండ్ల పిల్ల మాత్రము దానిని చదువుకొనును. ఆమెకు తెలుగు పద్యము నేర్పుట మన ధ్యేయమైనచో, ఆమెకు ఆ సభలో మొదట నేర్పుచున్న పాఠమేదో చూచుకొనవలదా? పేర్లు చీటీలపై వ్రాసి తీయించినచో ఒక్క నిమిషపు పని.

న్యాయదేవత కండ్లకు గంతలు కట్టుట పాశ్చాత్యుల సంప్రదాయము. మన సుప్రీంకోర్టులోని క్రొత్త విగ్రహమును గూర్చి 2024 అక్టోబరులో పత్రికలన్నియు వ్రాసినవి. ఆ దేవతకు గంతలు లేవు. చేతిలో ఖడ్గమునకు బదులు రాజ్యాంగ గ్రంథమున్నది. రెండును అర్థవంతములే. పరీక్షాపత్రము ముందు, ఉద్యోగమిచ్చు బల్ల ముందు గంతలు కట్టుకొనుటయే మేలు. కాని జీవితమంతయు గంతలతో నడువలేము, నడువనక్కఱయు లేదు. ఇంటిలో, బంధువులలో, సభలో తెఱచిన కన్నులే వలయును. అవి మొదటి చూపుతో తృప్తిపడక రెండవసారి చూచు కన్నులు కావలయును. మొదటి చూపు ప్రకృతి ఇచ్చును. రెండవ చూపు మనము ఈయవలసినది.